పంకాకు కట్టిన పేలిక

సముద్రం అనేదాన్ని టీవీలో తప్ప చూడని ఊరు మాది. అలాంటి సిద్దిపేటలో, మా మోటారు వైండింగు దుకాణం పక్కనే ఉన్న రేకుల షెడ్డు మీద 'ఇక్కడ పడవల పంకాలు తయారు చేయబడును' అని బోర్డు కనిపిస్తే బస్సులో పోయేవాళ్లు నవ్వక ఏం చేస్తారు? నేనూ నవ్వాను. పక్క దుకాణం వాణ్ణి కాబట్టి అందరికంటే ముందు నవ్వాను. ఆ షెడ్డు యజమాని పేరు రాజేంద్రప్రసాద్. ఇప్పుడు ఊళ్లో ఆ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. 'పేలిక ఇంజనీరు' అంటే షెడ్డు దాకా తీసుకొచ్చి దింపి వెళతారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆయన తండ్రి మగ్గం దగ్గర మొదలుపెట్టాలి.

తండ్రి లింగమూర్తి గొల్లభామ చీరలు నేసేవాడు. నెత్తిన చల్లకుండ పెట్టుకుని నడిచే భామ బొమ్మను కొంగు మీద వరసగా దించడం ఆయన పని. ఆయనకు మాటలు తక్కువ, పట్టింపులు ఎక్కువ. మగ్గం ఎన్నడూ వట్టిగా ఉండకూడదు అనేవాడు. కొత్త మగ్గం పాతితే, పాత మగ్గం మీద చివర నేసిన బట్టలోంచి ఒక పేలిక చింపి కొత్తదాని దోనెకు, నేసిన బట్ట చుట్టుకునే కర్రకు, కట్టేవాడు. పాత చేయి కొత్త మగ్గానికి తెలియాలట. కొడుకు ఆ ముచ్చట విని నవ్వేవాడు. మగ్గం మీద కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పి, మీసాలు రాగానే భీవండి బస్సెక్కాడు.

భీవండిలో మరమగ్గాల మోతకు చెవులు పోయేట్టున్నాయని, అక్కడినుంచి బొంబాయి రేవు పక్కన ఒక వర్క్‌షాపులో చేరాడు. చేపలు పట్టే మరపడవల అడుగున తిరిగే ఇత్తడి పంకాలు రాళ్లకు తగిలి వంగిపోతే, వాటిని కాల్చి, కొట్టి, సరిచేసే దుకాణం అది. రాజేంద్రప్రసాద్‌కు ఆ పని దొరికాక తిండి కూడా గుర్తుండేది కాదట. రెక్క మొదట్లో నిటారుగా నిలబడి, చివరకు పోయేకొద్దీ ఎందుకు వాలిపోతుందో, అంచు ఎంత పలచబడితే నీళ్లు చప్పుడు చేయకుండా జారిపోతాయో అక్కడే నేర్చుకున్నాడు. అయితే ఒక వెలితి మాత్రం మిగిలింది. వంకర తీయడమే తప్ప, వంపు తానుగా పెట్టే అవకాశం ఆయనకెవరూ ఇవ్వలేదు. ఇంకొకరు గీసిన పంకాను మళ్లీ అదే గీతకు తేవడంతోనే నెత్తి నెరిసింది.

తండ్రి పోయిన కబురు అక్కడే అందింది. వచ్చి చూస్తే మగ్గం మీద సగం చీర ఉంది. కొంగు మీద చివరి భామ నడుము దాకా వచ్చి ఆగిపోయింది. పాదాలున్నాయి, పావడా ఉంది, పైన తల లేదు, కుండ లేదు. ఆ ముక్కను కోసుకుని పెట్టెలో దాచుకున్నాడు. మగ్గం కట్టెలు ఎటు పోయాయో పట్టించుకోలేదు. తండ్రి బతికుండగా ఒక్క పూట పక్కన కూర్చోలేదన్న మాట ఆయన ఎవరితోనూ అనలేదు, కానీ అది లోపల ఉందని నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత బొంబాయి వదిలేసి వచ్చి మా పక్కన షెడ్డు వేసుకుని గేట్లు, కిటికీ గ్రిల్లులు వెల్డింగు చేసుకుంటూ బతికాడు. గేటు చేస్తున్నా ముచ్చట మాత్రం ఓడలదే. "పెద్ద ఓడలయితే పంకా మన ఇంటంత ఉంటది" అని మొదలుపెడితే, చాయ్ తాగను వచ్చినవాళ్లు గ్లాసు కింద పెట్టి జారుకునేవాళ్లు. అంతలో మా దిక్కు రిజర్వాయర్ నిండింది. పొలాలున్న చోట నీళ్లు, నీళ్ల మీద పడవలు. పక్క ఊరి చేపల సొసైటీ వాళ్లు డీజిలు ఇంజను ఉన్న పెద్ద పడవ ఒకటి తెచ్చుకున్నారు. అవతలి ఒడ్డు వలల నుంచి చేపలు తేవాలి, ఆదివారాలు జనాన్ని తిప్పాలి. కానీ ఆ పడవ డీజిలు తాగే తీరుకు సొసైటీ అధ్యక్షుడు రాజమల్లయ్య తల పట్టుకున్నాడు.

రాజేంద్రప్రసాద్ వెళ్లి పడవ కింద తొంగిచూసి వచ్చాడు. పంకా చిన్నది, వేగం ఎక్కువ. నీళ్లను నెట్టడం మానేసి చిలుకుతోంది అన్నాడు. పెద్ద పంకా పెట్టి, గేరు మార్చి నెమ్మదిగా తిప్పితే అదే ఇంజను తక్కువ తాగి ఎక్కువ లాగుతుందని రాజమల్లయ్యను ఒప్పించాడు. ఇక చూడాలి మా బాధ. టేకు చెక్కతో బెత్తెడు పంకాలు చెక్కడం, నా దుకాణం ముందున్న సిమెంటు తొట్టిలో ముంచి, నేను వైండింగు చేసి పెట్టిన మోటారుకు తగిలించి తిప్పడం, చేపలు తూచే స్ప్రింగు కాటా కట్టి అది ఎంత గుంజుతుందో చూడడం. నా గిరాకీలంతా తడిసిపోయేవాళ్లు. రెండు రెక్కలది, మూడు రెక్కలది, వెడల్పుది, సన్నంది, ప్రతిదానికీ ఆకురాయి పట్టుకుని వెంట్రుకంత తీయడం, మళ్లీ ముంచడం. తిట్టీ తిట్టీ నాకే విసుగొచ్చి, చివరికి కాటా ముల్లు నేనే చదివి చెప్పడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో షెడ్డుకు రోజూ వచ్చే మనిషి భిక్షపతి. సొసైటీ పడవ నడిపేది అతనే. ముదిరాజుల ఇంటివాడు, ఒడ్డున పుట్టినవాడు కాకపోయినా చెరువుల్లో పెరిగినవాడు. వస్తూ వస్తూ కొరమీను తెచ్చేవాడు. "అన్నా, ఇది తిరుగుతదా అన్నా, నీళ్లు ఎన్కకు పోతున్నయా పక్కకు పోతున్నయా అన్నా" అంటూ తొట్టి పక్కన గొంతుక్కూర్చునేవాడు. మాటకో అన్న. తమ్ముళ్లు లేని రాజేంద్రప్రసాద్‌కు ఆ పిలుపు ఇష్టమని మొహం చూస్తేనే తెలిసేది. బొంబాయి ముచ్చట్లు, తండ్రి మగ్గానికి పేలిక కట్టే ముచ్చట, పెట్టెలోని సగం భామ ముచ్చట చివరిదాకా విన్న మనిషి సిద్దిపేట మొత్తంలో అతనొక్కడే.

కొత్త పంకా హైదరాబాదులో పోత పోయించి తెచ్చారు. మూడు రెక్కల ఇత్తడి పంకా, నునుపు చేశాక మొహం కనపడేంత మెరుపు. పడవను ఒడ్డుకు గుంజి బిగించేటప్పుడు, పడవ ముక్కుకు భిక్షపతి ఎప్పుడూ కట్టే నిమ్మకాయలు, మిరపకాయల దండ రాజేంద్రప్రసాద్ కంటపడింది. అందరి ముందూ దాన్ని తెంపి పారేశాడు. "ఇది లెక్కతోని చేసిన పంక. లెక్కకు దిష్టి తగుల్తదారా?" అన్నాడు. అందరూ నవ్వారు. భిక్షపతి కూడా నవ్వి, కింద పడ్డ నిమ్మకాయలు ఏరుకుని తువ్వాలులో కట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే అందరూ చాయ్‌కు వెళ్లినప్పుడు రాజేంద్రప్రసాద్ ఒక్కడే పడవ కింద కూర్చున్నాడు. జేబులోంచి తండ్రి నేసిన ముక్కలో చింపిన పేలిక తీశాడు. నడుము దాకా ఉన్న ఆ భామ పేలిక మీదే ఉంది. దాన్ని పంకాకు ముందు, ఇరుసుకు చుట్టి ముడేశాడు. బతుకులో మొదటిసారి తన సొంత వంపు పెట్టిన వస్తువు అది. దానికి పాత చేయి తెలియాలనిపించింది. తిరిగే ఇరుసుకు గుడ్డ కట్టకూడదని, కడితే నాచూ దారాలూ చుట్టుకుని పట్టేస్తుందని ఆయనకు తెలియదా? బొంబాయిలో ఆ పని చేసిన వాళ్లను తిట్టిందే ఆయన. ఒక్క రాత్రి ఉంచి, తెల్లారి నీళ్లలో దింపకముందే విప్పేద్దామనుకున్నాడు.

తెల్లవారి ఆయన వెళ్లేసరికి సొసైటీ వాళ్లకు ఆత్రం ఆగక పడవను నీళ్లలోకి తోసేశారు. డప్పులు మోగుతున్నాయి, రాజమల్లయ్య కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. ఆపండి అనాలి. ఎందుకంటే ఏం చెప్పాలి? నిన్న నిమ్మకాయలు పారేసిన మనిషి ఇవాళ పేలిక విప్పుకుంటానని నీళ్లలోకి దిగాలి. నానితే అదే ఊడిపోతుందిలే అని తనకు తాను చెప్పుకుని పడవెక్కాడు.

పరీక్ష తేలికైనదే. గాజు సీసాలో డీజిలు పోసి, పాత పంకాతో అవతలి ఒడ్డుకు పోయివస్తే ఎంత దిగిందో అక్కడ గీత పెట్టుకున్నారు. కొత్తదానితో ఆ గీతకు పైన ఆగాలి. నేను ఒడ్డున ఉన్నాను. పడవ సగం దూరం బాగానే పోయింది. ఆ తర్వాత వణకడం మొదలుపెట్టింది. కాలిన రబ్బరు వాసన ఒడ్డుదాకా వచ్చిందని తర్వాత అందరూ అన్నారు, నాకైతే ఇంజను మూలుగు మాత్రం వినిపించింది. ఈడ్చుకుంటూ తిరిగి వచ్చేసరికి డీజిలు గీత కిందికి దిగిపోయింది. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి.

భిక్షపతి ఇంజను ఆపి, లుంగీ ఎగగట్టాడు.

"అన్నా, పంకకు ఏదో తట్టింది. దిగి చూస్త."

అప్పుడు జరిగింది నేను కళ్లారా చూశాను. రాజేంద్రప్రసాద్ మొహంలో నెత్తురు లేదు. పంకా ఓడిపోయినందుకు అనుకున్నాను. కాదు. భిక్షపతి దిగితే చేతికి ఏం వస్తుందో ఆ పడవ మీద ఆయనొక్కడికే తెలుసు.

"నువ్వు దిగుడు అవసరం లేదు" అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు. "నిమ్మకాయలు తీసేసిన కోపం పంక మీద తీసుకున్నవు. పడవ ఎట్ల నడిపితే కరాబైతదో నీకు తెల్వదా?"

మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడం అంటే ఇదే. భిక్షపతి ఏదో అనబోయాడు. నోరు తెరిచి, రాజేంద్రప్రసాద్ మొహంలోకి చూసి, మూసుకున్నాడు. రాజమల్లయ్య నమ్మాడు. ఓడలు చేసిన మనిషి మాట నమ్మక, పడవ నడిపేవాడి మాట ఎవడు నమ్ముతాడు? తాళంచెవి ఇచ్చేసి వెళ్లమన్నాడు. భిక్షపతి ఇచ్చేశాడు.

మర్నాడు తెల్లారకముందే రాజేంద్రప్రసాద్ కత్తి తీసుకుని ఒడ్డుకు పోయాడు. నడుము లోతు నీళ్లలో నిలబడి, వంగి, పంకా ముందు తడిమాడు. చేతికి నున్నటి ఇరుసు తగిలింది. పేలిక లేదు, ముడి లేదు, నాచు పోగు కూడా లేదు. ఎవరో శుభ్రంగా కోసి తీసేశారు. అది చూసి ముందు తన ప్రాణం లేచివచ్చిందట. ఆ క్షణం సంతోషించినందుకే తన మీద తనకు అసహ్యమని తర్వాత నాతో అన్నాడు.

ఆ రోజే ఇంకో మనిషితో పడవ నడిపించి మళ్లీ పరీక్ష పెట్టారు. పడవ నీళ్ల మీద చప్పుడు లేకుండా జారుకుంటూ పోయింది. తిరిగివచ్చేసరికి డీజిలు గీతకు ఎంతో పైన ఆగింది. జనం కేకలు పెట్టారు. భిక్షపతి లేకపోతే పడవ నడిచింది కాబట్టి, తప్పు భిక్షపతిదేనని ఊరంతా తేల్చేసింది. రాజమల్లయ్య సభ పెట్టి రాజేంద్రప్రసాద్‌కు శాలువా కప్పాడు. మైకు చేతికిస్తే ఆయన రెండు ముక్కలు గొణిగి కూర్చున్నాడు. వినయం అనుకున్నారు. నేనూ అదే అనుకుని గట్టిగా చప్పట్లు కొట్టాను.

తర్వాత ఆయన వరస మారింది. వేరే రిజర్వాయర్ల నుంచి ఇద్దరు ముగ్గురు పంకా కావాలని వచ్చారు. ఉలి ముట్టలేదు. తొట్టిలో నీళ్లు ఎండిపోయి దోమలు చేరాయి. భిక్షపతి మార్కెట్ యార్డులో హమాలీగా చేరి మక్కల బస్తాలు మోస్తున్నాడు. అతను ట్రాలీ మీద మా రోడ్డున పోతే చాలు, రాజేంద్రప్రసాద్ లోపలికి పోయి షట్టరు సగం దించేవాడు. దొంగకు తేలు కుట్టినట్టు లోపల్లోపల మెలికలు తిరుగుతున్నాడని నాకేం తెలుసు. శాలువా కప్పగానే మదమెక్కిందని మొహం మీదే అన్నాను. ఆయన తల వంచుకుని గేటుకు వెల్డింగు చేసుకుంటూ పోయాడు. అందుకే నాకు ఇంకా మండింది.

దసరా వచ్చింది. పొద్దున పనిముట్లన్నీ కడిగి, కుంకుమ పెట్టుకున్నాం. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతుల్లో పెట్టి మొక్కడం మా దగ్గర పద్ధతి. కొట్లాడుకున్నవాళ్లు కూడా ఆ రోజు జమ్మి పెట్టి, కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకుంటారు. నేను రాజేంద్రప్రసాద్ షెడ్డులో ఉన్నప్పుడు భిక్షపతి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. షట్టరు దించడానికి రాజేంద్రప్రసాద్‌కు వ్యవధి దొరకలేదు.

భిక్షపతి ఆయన చేతిలో జమ్మి పెట్టి, కాళ్లకు మొక్కాడు. ఆ తర్వాత జేబులోంచి మడత పెట్టిన చిన్న బట్ట తీసి జమ్మి మీద పెట్టాడు. ఉతికి, ఇస్త్రీ చేసిన బట్ట. ఒక అంచు నలిగి తెగిపోయింది. నడుము దాకా ఉన్న భామ బొమ్మ దాని మీద నాకు కూడా కనిపించింది.

"మీ నాయిన నేసింది గద సారు" అన్నాడు. "వల పోగులు సుట్టుకొని మస్తు నాచు వట్టింది. మా ఇంటామె భవాని ఉతికింది. పారేయబుద్ధి గాలే."

రాజేంద్రప్రసాద్ ఆ తెగిన అంచును వేలితో తడిమాడు.

"దొరికిననాడే నలుగుర్ల ఎందుకు చూపియ్యలే, భిక్షపతీ?"

"పడవ మీదనే చెప్పిన గద సారు, ఏదో తట్టిందని. మీరు దిగనియ్యలే." అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. "పొద్దుగూకినంక నేనే దిగి తీసిన. ఇంజన్ కరాబైతదని. చూస్తే ఇది. మేం గూడ కొత్త వల అల్లితే పాత వల కన్ను ఒకటి కలుపుతం. అండ్ల తప్పేం లేదు. నలుగుర్ల చూపిస్తే మీ మీద నవ్వుతుండె."

అంతే చెప్పి, నాకు కూడా జమ్మి పెట్టి వెళ్లిపోయాడు. రాజేంద్రప్రసాద్ గేటు ఫ్రేము మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు నాకు అన్నీ, పేలిక కట్టిన సాయంత్రం నుంచి కత్తి పట్టుకుని నీళ్లలో నిలబడ్డ పొద్దుటి దాకా. మగవాడు అంతగా ఏడవడం నేను చావుల్లో కూడా చూడలేదు. తనను తిట్టినా, కొట్టినా సిగ్గు కొంత తీరేదేమో, మా నాయిన బట్ట ఉతికిచ్చిండు అన్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు.

దసరా తర్వాత సొసైటీ మీటింగుకు నన్ను కూడా రమ్మన్నాడు. శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు, పేలిక చేతిలో ఉంది. దారిలో రాజమల్లయ్య ఎదురైతే ముందు ఆయనకు చెప్పాడు. రాజమల్లయ్య కంగారుపడ్డాడు. భిక్షపతిని చప్పుడు చేయకుండా మళ్లీ పనిలో పెట్టుకుంటాం, నలుగురిలో ఈ ముచ్చట ఎందుకు, సొసైటీ పరువు పోతుంది అన్నాడు. మంచి దారే. నేనయితే ఆ దారినే పోయేవాణ్ణి. రాజేంద్రప్రసాద్ మాత్రం, నలుగురిలో అన్న మాట నలుగురిలోనే దిగమింగాలి అని లోపలికి నడిచాడు.

మైకు లేకుండానే చెప్పాడు. పేలిక ఎత్తి చూపించాడు. కట్టింది తానని, తెలిసే భిక్షపతి మీద నింద వేశానని, అతను చేసిన తప్పేమీ లేదని చెప్పాడు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక మూల నుంచి నవ్వు మొదలైంది. నిమ్మకాయలు తెంపినోడు పేలిక కట్టిండంట అని ఎవరో అన్నారు. నవ్వు సద్దుమణిగేదాకా ఆయన తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు, కూర్చోలేదు. శాలువా రాజమల్లయ్య ముందు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు. బయటికి వచ్చేలోపే కొత్త పేరు తగిలించేశారు. ఎవరు ఆ పేరుతో పిలిచినా ఆయన పలుకుతాడు. ఒకసారి నాకు కోపమొచ్చి ఒకణ్ణి తిట్టబోతే, నన్నే ఆపాడు.

భిక్షపతి మళ్లీ పడవెక్కాడు. పడవ ముక్కుకు నిమ్మకాయల దండ మళ్లీ వచ్చింది. తెంపినవాడే కొని తెచ్చి ఇచ్చాడు. కొత్త పంకా బాగా తిరుగుతోంది. చుట్టుపక్కల రిజర్వాయర్ల నుంచి ఇంకా అడుగుతున్నారు, తొట్టిలో మళ్లీ నీళ్లు నిండాయి, నా గిరాకీలు మళ్లీ తడుస్తున్నారు. భిక్షపతి అప్పుడప్పుడు కొరమీను తెస్తాడు. షెడ్డు గడప దగ్గరే ఆగి, "పంక మంచిగుంది సారు, వణుకుత లేదు సారు" అని చెప్పి, చేపల సంచి పెట్టి వెళ్లిపోతాడు. తొట్టి పక్కన కూర్చోడు.

మొన్న అలాగే వెళ్లిపోతుంటే నాకు ఉండబట్టలేదు. నా దుకాణం ముందు ఆపి అడిగాను. ఆయన నలుగురిలో తల దించుకున్నాడు, ఇంకా ఏం చేయాలి, వెనకటిలాగా అన్నా అని ఒక్కసారి పిలిస్తే నీ సొమ్మేం పోతుంది అన్నాను. గొంతు కొంచెం పెద్దదే నాది. షెడ్డులో ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.

భిక్షపతి కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"నాకు కోపమేం లేదన్నా" అన్నాడు నాతో. "నోట్లెకు వస్తలేదు."

అతను బండెక్కి వెళ్లిపోయాడు. చాలాసేపటికి షెడ్డులో ఆకురాయి చప్పుడు మళ్లీ మొదలైంది.